కొత్త రోడ్డు, కొత్త డ్రైవరు: తర్రెం దారిలో భద్రంగా బండి నడపడం ఎలా?

దక్షిణ బస్తర్‌లోని బీజాపూర్ జిల్లాలో, బాసగూడ నుంచి సిలగేర్ మీదుగా జగర్‌గుండ వైపు వెళ్లే దారిలో తర్రెం గ్రామం ఉంది. ఒకప్పుడు ఈ దారిన సంతలకు బండ్లు తిరిగేవి. 2005 తర్వాత ఈ ప్రాంతంలో హింస పెరిగింది. రోడ్లను అడ్డంగా తవ్వేశారు, వంతెనలు దెబ్బతిన్నాయి, ఎన్నో ఊళ్లు ఖాళీ అయ్యాయి, రాకపోకలు నిలిచిపోయాయి. 2021 ఏప్రిల్ 3న ఈ పరిసరాల్లోనే జరిగిన కాల్పుల్లో 22 మంది భద్రతా సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. తర్రెం పేరు దేశమంతటా వినిపించింది ఆ వార్తతోనే. వామపక్ష తీవ్రవాద ప్రభావిత ప్రాంతాల కోసం కేంద్రం 2009లో ఒకటి, 2016లో మరొకటి ప్రత్యేక రహదారి పథకాలు చేపట్టింది. క్రమంగా బస్తర్ లోపలి ఊళ్లకు కూడా తారురోడ్లు చేరుతున్నాయి.

రోడ్డు వస్తే రేషను బియ్యం వస్తుంది, అంబులెన్సు వస్తుంది, ఇప్పపువ్వుకూ తునికాకుకూ మంచి బేరం వస్తుంది. వీటితోపాటే మోటారు సైకిళ్లు, ట్రాక్టర్లు, పికప్ వ్యాన్లు కూడా వస్తాయి. ఇలాంటి చోట్ల ఒక తరం మొత్తం తారురోడ్డు లేకుండానే పెరిగింది. పట్నంలో పుట్టిన పిల్లవాడు బండి హ్యాండిల్ పట్టుకునేనాటికి కొన్ని వేలసార్లు రోడ్డు దాటి ఉంటాడు. ఎదురుగా వచ్చే లారీ ఎంత సేపట్లో దగ్గరికొస్తుందో అతని కన్ను అప్పటికే నేర్చుకుని ఉంటుంది. అడవి కాలిబాటలు మాత్రమే తెలిసిన యువకుడికి ఆ అవకాశం దొరకలేదు. అతను నడిపే బండి ముందు నుంచి రోడ్డు దాటే అవ్వకు, మేకలు తోలుకెళ్లే పిల్లకు కూడా ఆ వేగం కొత్తదే. నడిపేవారూ నడిచేవారూ ఇద్దరూ కొత్తవారైన చోట పొరపాటును సరిదిద్దుకునే వ్యవధి చాలా తక్కువగా ఉంటుంది.

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. వాటిలో 1,68,491 మంది మరణించారు. మృతుల్లో సుమారు 44.5 శాతం మంది ద్విచక్ర వాహనాలపై వెళ్తున్నవారే. దాదాపు 68 శాతం మరణాలు గ్రామీణ ప్రాంతాల్లోనే సంభవించాయి. రద్దీ ఎక్కువైతేనే ప్రమాదాలు ఎక్కువ అన్నది చాలామంది నమ్మకం. ఈ అంకెలు దానికి భిన్నంగా ఉన్నాయి. ఖాళీ రోడ్డు వేగాన్ని రెచ్చగొడుతుంది, వేగం ప్రాణం తీస్తుంది. కొత్తగా బండి నేర్చుకునేవారు నియమాలను బట్టీ పట్టడంకన్నా వాటి వెనుక ఉన్న కారణాన్ని అర్థం చేసుకోవడం మేలు.

బండి ఆగడానికి ఎంత దూరం కావాలి?

బ్రేకు నొక్కగానే బండి ఆగుతుందని కొత్తవారు అనుకుంటారు. నిజానికి ఆగే దూరంలో రెండు భాగాలుంటాయి. అడ్డంగా ఏదో వచ్చిందని కన్ను చూడాలి, మెదడు గుర్తించాలి, చెయ్యి లేదా కాలు బ్రేకు మీదికి వెళ్లాలి. ఇందుకు అప్రమత్తంగా ఉన్న మనిషికి కూడా సుమారు ఒకటిన్నర సెకను పడుతుంది. ఆ సేపంతా బండి పాత వేగంతోనే దూసుకెళ్తుంది. ఇది మొదటి భాగం. బ్రేకు పట్టిన తర్వాత టైరుకూ రోడ్డుకూ మధ్య ఘర్షణ బండిని ఆపేవరకు సాగే దూరం రెండో భాగం.

పొడి తారురోడ్డు మీద, మంచి టైర్లతో, ఒకటిన్నర సెకను ప్రతిస్పందన కాలంతో లెక్క వేస్తే సుమారుగా ఇలా ఉంటుంది.

• గంటకు 40 కిలోమీటర్ల వేగంలో: స్పందించేలోపు 17 మీటర్లు, బ్రేకు పట్టాక 9 మీటర్లు, మొత్తం 26 మీటర్లు.
• గంటకు 60 కిలోమీటర్ల వేగంలో: స్పందించేలోపు 25 మీటర్లు, బ్రేకు పట్టాక 20 మీటర్లు, మొత్తం 45 మీటర్లు.
• గంటకు 80 కిలోమీటర్ల వేగంలో: స్పందించేలోపు 33 మీటర్లు, బ్రేకు పట్టాక 36 మీటర్లు, మొత్తం 69 మీటర్లు.

వేగం 40 నుంచి 80కి రెట్టింపైతే బ్రేకు దూరం 9 నుంచి 36 మీటర్లకు, అంటే నాలుగు రెట్లు పెరిగింది. కదిలే వస్తువులోని గతిజ శక్తి వేగం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఆ శక్తినంతా బ్రేకులూ టైర్లూ వేడిగా మార్చి ఖర్చు చేస్తే తప్ప బండి ఆగదు.

ఈ లెక్క ఒక ప్రాణం విషయంలో ఏం చెబుతుందో చూద్దాం. 26 మీటర్ల ముందు ఒక పిల్లవాడు రోడ్డు మీదికి పరుగెత్తుకొచ్చాడనుకుందాం. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వస్తున్న బండి అతని ముందు ఆగిపోతుంది. 60 కిలోమీటర్ల వేగంతో వస్తున్న బండి స్పందన కాలంలోనే 25 మీటర్లు దాటేస్తుంది. బ్రేకు అప్పుడే పట్టడం మొదలవుతుంది. పిల్లవాణ్ణి తాకేటప్పటికి వేగం ఇంకా 58 కిలోమీటర్ల పైనే ఉంటుంది. రెండు వేగాల మధ్య తేడా కేవలం 20 కిలోమీటర్లు. ఒకరు భయపడి ఇంటికి వెళ్తారు, మరొకరు ఇక వెళ్లరు.

పోనీ ఆ 20 కిలోమీటర్లవల్ల మిగిలేదెంత? 30 కిలోమీటర్ల దారిని 60 వేగంతో వెళ్తే అరగంట, 40 వేగంతో వెళ్తే 45 నిమిషాలు పడుతుంది. మిగిలేది పదిహేను నిమిషాలు.

వేగాన్ని ఎత్తుగా ఊహించుకుంటే

వేగం కంటికి ఆనదు. ఎత్తు ఆనుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లి గట్టి వస్తువును గుద్దుకోవడం సుమారు 6 మీటర్ల ఎత్తు నుంచి కింద పడటంతో సమానం. 60 కిలోమీటర్ల వేగమైతే అది 14 మీటర్లు, అంటే ఎదిగిన తాటిచెట్టు మొవ్వు నుంచి పడినట్టే. 80 కిలోమీటర్ల వేగమైతే 25 మీటర్లు. తాటిచెట్టు ఎక్కేవారు మోకు లేకుండా ఎక్కరు, మోకును తడిమి చూసుకోకుండా చెయ్యి వదలరు. అదే ఎత్తుకు సమానమైన వేగంలో హెల్మెట్ లేకుండా కూర్చోవడానికి మాత్రం ఎవరికీ జంకు కలగదు.

హెల్మెట్ చేసే పని సూటిగా చెప్పాలంటే కాలాన్ని పొడిగించడం. పైనున్న గట్టి పెంకు దెబ్బను విశాలంగా పరుస్తుంది. లోపలి థర్మోకోల్ లాంటి పొర నలుగుతూ తల ఆగే వ్యవధిని సెకనులో కొన్ని వేల వంతుల మేర పెంచుతుంది. ఆ కాస్త వ్యవధే మెదడు మీద పడే బలాన్ని బాగా తగ్గిస్తుంది. హెల్మెట్ వల్ల మరణ ముప్పు సుమారు 42 శాతం, తలగాయాల ముప్పు సుమారు 69 శాతం తగ్గుతాయని పలు దేశాల అధ్యయనాలను కలిపి చేసిన సమీక్షలో తేలింది. మన దేశంలో 2022లో హెల్మెట్ పెట్టుకోకుండా ప్రమాదానికి గురై మరణించినవారు 50,029 మంది. వారిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారు.

హెల్మెట్‌పై ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 4151 అనే ప్రమాణ సంఖ్య ఉండాలి. గడ్డం కింద పట్టీ బిగించకపోతే గుద్దుకున్న క్షణంలోనే హెల్మెట్ ఎగిరిపోతుంది. ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా లోపలి పొర నలిగిపోయి ఉంటుంది, మార్చాల్సిందే. చట్టం ప్రకారం నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరూ, వెనుక కూర్చున్నవారు సహా, హెల్మెట్ పెట్టుకోవాలి. నాలుగేళ్లలోపు పిల్లలను ఎక్కించుకుంటే వారిని నడిపేవారితో కట్టి ఉంచే భద్రతా పట్టీ, వారి తలకు సరిపడే హెల్మెట్ ఉండాలి, వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. ఈ నిబంధన 2023 ఫిబ్రవరి నుంచి అమలులో ఉంది.

తారు, కంకర, బురద: టైరు పట్టు మారుతుంది

బండి ఆగడం, మలుపు తిరగడం, వేగం పుంజుకోవడం అన్నీ టైరు రోడ్డును తాకే అరచేతిడంత చోటు మీదే ఆధారపడతాయి. అక్కడి ఘర్షణ రోడ్డును బట్టి మారుతుంది. వాన పడ్డ రోడ్డు మీద పట్టు బాగా తగ్గి, గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బ్రేకు దూరం 20 మీటర్ల నుంచి సుమారు 35 మీటర్లకు పెరగవచ్చు. చాలారోజుల తర్వాత పడే తొలి వాన మరీ ప్రమాదకరం. రోడ్డు మీద పేరుకున్న దుమ్మూ నూనె మరకలూ నీటితో కలిసి జారుడు పొరగా మారతాయి.

లోపలి ఊళ్ల రోడ్లకు మరో చిక్కు ఉంది. తారు ఒకచోట ఉన్నట్టుండి అయిపోయి మట్టిదారి మొదలవుతుంది. కల్వర్టు దగ్గర రోడ్డు సన్నబడుతుంది. మట్టిదారులు కలిసే చోట ట్రాక్టరు టైర్లు మోసుకొచ్చిన కంకర తారు మీద పరుచుకుని ఉంటుంది. ఉదాహరణకు 50 మీటర్ల వ్యాసార్ధం గల మలుపులో పొడి తారు మీద గంటకు 65 కిలోమీటర్ల దాకా టైరు జారకుండా నిలబడగలదు. అదే మలుపులో కంకర ఉంటే 44 కిలోమీటర్ల దగ్గరే జారిపోతుంది. నిన్న ఇదే మలుపులో ఇదే వేగంతో వెళ్లానన్న ధీమా ఈరోజు పనికిరాదు.

టైరుకున్న పట్టు ఒక్కటే. దాన్ని మలుపు తిరగడానికీ బ్రేకుకూ కలిపి పంచుకోవాలి. మలుపులో ఒరిగి ఉన్నప్పుడు గట్టిగా బ్రేకు పడితే పట్టు చాలక బండి జారుతుంది. అందుకే వేగాన్ని మలుపుకు ముందే, బండి నిటారుగా ఉన్నప్పుడే తగ్గించుకోవాలి.

ముందు బ్రేకు పడితే బోల్తా పడతామన్న భయంతో చాలామంది కొత్తవారు వెనుక బ్రేకునే నమ్ముకుంటారు. బ్రేకు వేసినప్పుడు బరువు ముందు చక్రం మీదికి వాలుతుంది. కాబట్టి పొడి, తిన్నని రోడ్డు మీద ఎక్కువ ఆపుదల శక్తి ముందు బ్రేకుకే ఉంటుంది. రెండు బ్రేకులనూ కలిపి, ఒక్కసారిగా కాకుండా క్రమంగా బిగించడం అలవాటు చేసుకోవాలి. కంకర, బురద మీద మాత్రం ముందు బ్రేకును చాలా మెత్తగా వాడాలి. 125 సీసీ దాటిన కొత్త బండ్లకు 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి. అంతకన్నా చిన్న బండ్లకు రెండు చక్రాల బ్రేకులూ కలిసి పనిచేసే సీబీఎస్ ఉంటుంది. ఇవి చక్రం బిగిసిపోకుండా, బ్రేకు సమంగా పడేలా తోడ్పడతాయి. జారుడు రోడ్డును పొడి రోడ్డుగా మాత్రం మార్చలేవు.

వానాకాలంలో వాగులు కల్వర్టుల మీదుగా పారుతుంటాయి. 30 సెంటీమీటర్ల లోతు ప్రవాహం చిన్న కారును తేల్చేయగలదు, 60 సెంటీమీటర్లయితే చాలా వాహనాలను ఈడ్చుకుపోతుంది. మోటారు సైకిలుకు అంత నీరు కూడా అక్కర్లేదు. నీటి కింద రోడ్డు కోసుకుపోయిందో లేదో పైనుంచి కనిపించదు. నీరు తగ్గేదాకా ఆగడం తప్ప ఇక్కడ మరో నైపుణ్యం లేదు.

కళ్లు ఎక్కడ చూస్తున్నాయి?

కొత్త డ్రైవరుకూ అనుభవజ్ఞుడికీ చేతుల్లో కన్నా చూపులో తేడా ఎక్కువ. కొత్తవారు సాధారణంగా బండికి దగ్గరలో, తిన్నగా ముందుకే చూస్తారు. అనుభవం ఉన్నవారి చూపు దూరం నుంచి దగ్గరకు, ఎడమ నుంచి కుడికి, అద్దాల వైపు తిరుగుతూనే ఉంటుంది. రోడ్డు పక్కన ఒక దూడ కనిపిస్తే అవతలి పక్క తల్లి ఆవు ఉండవచ్చని వారు ముందే ఊహిస్తారు. ఒక మేక దాటితే వెనుక మంద ఉంటుందని వేగం తగ్గిస్తారు. దీన్నే ప్రమాద గ్రహణం అంటారు. ఇది పుట్టుకతో రాదు, సాధనతో వస్తుంది.

తర్రెం వంటి చోట ఈ ఊహకు స్థానిక జ్ఞానం తోడవుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారకముందే ఆడవాళ్లూ పిల్లలూ ఇప్పపువ్వు ఏరడానికి బయలుదేరతారు. ఎండాకాలంలో తునికాకు కట్టలతో జనం రోడ్డు వెంట నడుస్తారు. సంత రోజు సాయంత్రం రోడ్డంతా మనుషులే. పొద్దుగూకే వేళ పశువులు మందగా ఊళ్లోకి మళ్లుతాయి. వానాకాలపు రాత్రుళ్లు ఆరిన చోటు వెతుక్కుంటూ అవే పశువులు తారురోడ్డు మీద పడుకుంటాయి. ఏ నెలలో, ఏ పొద్దున రోడ్డు మీద ఎవరుంటారో ఆ ఊరివారికి తెలిసినంతగా బయటివారికి తెలియదు. ఆ తెలివిని బండి ఎక్కాక కూడా వాడుకోవాలి.

రాత్రివేళ లెక్క మరింత కఠినం. మోటారు సైకిలు డిమ్ లైటులో స్పష్టంగా కనిపించేది సుమారు 30 నుంచి 40 మీటర్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఆగడానికి 45 మీటర్లు కావాలని పైన చూశాం. అంటే వెలుతురు పడే హద్దు దాటి బండి ఆగుతుంది. నల్లని ఎద్దు, వెనుక లైటు లేకుండా ఆపి ఉంచిన ట్రాలీ కనిపించేసరికే ఆలస్యం అయిపోతుంది. కనిపించే దూరంలో ఆగగలిగే వేగమే రాత్రి వేగం. వీధి దీపాలు లేని దారిలో అది 40 కిలోమీటర్లకు మించదు.

ఎదురుగా బండి వస్తుంటే హై బీమ్‌ను డిమ్ చేయాలి. అవతలివారు చేయకపోతే ఆ వెలుగులోకి చూడకుండా రోడ్డు ఎడమ అంచును చూస్తూ వేగం తగ్గించాలి. కళ్లు చెదిరాక మళ్లీ సర్దుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. 60 కిలోమీటర్ల వేగంలో ఐదు సెకన్లంటే 83 మీటర్ల గుడ్డి ప్రయాణం. ట్రాక్టరు, ట్రాలీ ఉన్నవారు వెనుక ఎర్రని రిఫ్లెక్టర్ టేపు అంటించుకోవాలి. రాత్రి నడిచేవారు లేత రంగు బట్టలు వేసుకుని, చేతిలో టార్చి పెట్టుకుంటే దూరం నుంచే కనిపిస్తారు.

దాటేముందు ఒక లెక్క

ముందు గంటకు 20 కిలోమీటర్ల వేగంతో ట్రాలీ లాగుతున్న ట్రాక్టరు వెళ్తోంది. 40 వేగంతో బైకు దాన్ని దాటాలి. వెనుక ఉంచిన ఎడం, ట్రాక్టరు ట్రాలీల పొడవు, దాటాక ముందు వదలాల్సిన ఎడం కలిపితే దాదాపు 40 మీటర్లు అదనంగా వెళ్లాలి. అందుకు సుమారు 7 సెకన్లు పడుతుంది. ఆ 7 సెకన్లలో బైకు 78 మీటర్లు వెళ్తుంది. ఎదురుగా 60 వేగంతో వచ్చే జీపు 117 మీటర్లు వచ్చేస్తుంది. అంటే కనీసం 200 మీటర్లు, దానిపైన కొంత, ఖాళీగా కనిపించాలి. మలుపులో, కల్వర్టు మీద, మెరకకు ఇవతల అంత దూరం కనిపించదు కాబట్టే అక్కడ దాటకూడదని నియమం.

ముందు బండికి ఎంత ఎడం ఉండాలో తేల్చుకోవడానికి సులువైన పద్ధతి ఉంది. ముందు బండి ఒక చెట్టునో కిలోమీటరు రాయినో దాటగానే లెక్కపెట్టడం మొదలుపెట్టాలి. కనీసం మూడు సెకన్ల తర్వాతే మన బండి అక్కడికి చేరాలి. వానలో, దుమ్ములో, రాత్రివేళ దాన్ని రెట్టింపు చేయాలి.

బరువు, జనం, వాలు

బస్తర్ నుంచి ఏటా ఎంతోమంది మిరపకాయలు కోయడానికి ములుగు, భద్రాద్రి కొత్తగూడెం, ఖమ్మం జిల్లాలకు వెళ్తారు. ట్రాక్టరు ట్రాలీల్లో, సరుకు రవాణా వ్యాన్లలో కిక్కిరిసి ప్రయాణించడం కనిపిస్తూనే ఉంటుంది. సరుకు బండికి సీట్లుండవు, పట్టుకోవడానికి ఆధారముండదు. జనం నిలబడితే బండి గరిమనాభి పైకి లేస్తుంది. మలుపులో అందరూ ఒకపక్కకు తూలితే బోల్తా పడటానికి పెద్ద వేగం కూడా అక్కర్లేదు. 2024 మే 20న ఛత్తీస్‌గఢ్‌లోని కబీర్‌ధామ్ జిల్లాలో తునికాకు కూలీలతో వస్తున్న పికప్ వాహనం లోయలో పడి 19 మంది మరణించారు. వారిలో అత్యధికులు స్త్రీలు. 2018 సెప్టెంబరు 11న తెలంగాణలోని కొండగట్టు ఘాట్ రోడ్డులో సామర్థ్యాన్ని మించిన ప్రయాణికులతో దిగుతున్న బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు.

బరువు పెరిగితే బ్రేకులు ఖర్చు చేయాల్సిన శక్తి పెరుగుతుంది. పొడవైన వాలులో అదే పనిగా బ్రేకు తొక్కితే అవి వేడెక్కి పట్టు కోల్పోతాయి. కేశ్‌కాల్, మారేడుమిల్లి వంటి ఘాట్‌లలో దిగేటప్పుడు తక్కువ గేరులో, ఇంజను పట్టుతో దిగాలి. న్యూట్రల్‌లో వేసి డీజిలు మిగుల్చుకోవాలని చూడటం ప్రాణాలతో బేరం. సన్నని ఘాట్ రోడ్డులో ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలి.

మోటారు సైకిలు ఇద్దరి కోసమే. మూడోవాడు ఎక్కితే నడిపేవారు ట్యాంకు మీదికి జరుగుతారు, హ్యాండిల్ తిరగదు, బ్రేకు కాలికి అందదు.

మద్యం, ఫోను, నిద్ర

ఇప్పసారా బస్తర్ జీవితంలో భాగం. పెళ్లికీ పండుగకూ అది ఉండాల్సిందే. ఇంట్లో కాచిన సారాలో ఆల్కహాలు ఎంతుందో ఎవరూ కొలవరు. చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే బండి నడపడం నేరం. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఆల్కహాలు ముందుగా దెబ్బతీసేది ప్రతిస్పందన కాలాన్ని, ‘నేను బాగానే ఉన్నాను’ అని అంచనా వేసుకునే తెలివిని. కాలేయం దాన్ని నెమ్మదిగా, తన వేగంతోనే విరిచేస్తుంది. మజ్జిగ తాగినా, చన్నీళ్లు పోసుకున్నా ఆ వేగం పెరగదు. రాత్రి బాగా తాగినవారి రక్తంలో తెల్లవారాక కూడా ఆల్కహాలు మిగిలి ఉండవచ్చు. తాగినచోటే పడుకోవడం, లేదా తాగనివారి చేతికి తాళం ఇవ్వడం ఉత్తమం.

ఫోను మాట్లాడుతూ నడిపితే ప్రమాదం ముప్పు సుమారు నాలుగు రెట్లు పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. హెల్మెట్‌లో ఫోను దూర్చుకుంటే చెయ్యి ఖాళీ అవుతుంది, మనసు కాదు. సిగ్నలు దొరికే చోటు అరుదైన దారిలో ఫోను మోగగానే తీయాలనిపించడం సహజం. బండిని రోడ్డు దించి ఆపి మాట్లాడాలి. పొలం పని చేసి అలసిపోయి రాత్రి దూరప్రయాణం చేసేవారు కళ్లు బరువెక్కితే కాసేపు కునుకు తీయాలి. పాటలు, గాలి నిద్రను ఆపవు.

చట్టం ఏమంటోంది?

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం గేరున్న మోటారు సైకిలు, కారు నడపడానికి 18 ఏళ్లు నిండాలి. 50 సీసీలోపు గేరు లేని బండికి 16 ఏళ్లు. రవాణా వాహనాలకు 20 ఏళ్లు. ముందు లెర్నర్ లైసెన్సు తీసుకోవాలి. అది ఆరు నెలలు చెల్లుతుంది. 30 రోజుల తర్వాత డ్రైవింగ్ పరీక్షకు వెళ్లవచ్చు. నేర్చుకునేటప్పుడు బండికి ముందూ వెనుకా తెల్లని పలకపై ఎర్రని ‘ఎల్’ అక్షరం ఉండాలి, పక్కన లైసెన్సున్న వ్యక్తి ఉండాలి. మోటారు సైకిలు నేర్చుకునేవారు నేర్పేవారిని తప్ప మరెవరినీ ఎక్కించుకోకూడదు.

కొత్తవారికి స్వేచ్ఛను మెట్లు మెట్లుగా ఇవ్వడం చాలా దేశాల్లో ఉంది. న్యూజిలాండ్ 1987లోనే కొత్త డ్రైవర్లకు రాత్రి ప్రయాణంపై, తోటివారిని ఎక్కించుకోవడంపై పరిమితులు పెట్టింది. చట్టం చెప్పకపోయినా ఆ పద్ధతిని ఇంట్లోనే పాటించవచ్చు. మొదటి నెల పగలు, ఒంటరిగా, తెలిసిన దారిలో. తర్వాత వాన, తర్వాత రాత్రి. స్నేహితులను ఎక్కించుకోవడం అన్నిటికన్నా ఆఖరున.

2019 సవరణ తర్వాత లైసెన్సు లేకుండా నడిపితే 5,000 రూపాయల జరిమానా. హెల్మెట్ లేకపోయినా, బైకు మీద ముగ్గురెక్కినా 1,000 రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. మైనరుకు బండి ఇస్తే తల్లిదండ్రులు లేదా యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. లైసెన్సు లేనివారు నడిపి ప్రమాదం చేస్తే, బాధితులకు చెల్లించిన పరిహారాన్ని బీమా సంస్థ యజమాని నుంచి రాబట్టే అవకాశం ఉంది. ఒక్క సాయంత్రం సరదా పొలం అమ్ముకునే దాకా రావచ్చు.

రెండు వరుసలున్న సాధారణ రోడ్లపై మోటారు సైకిలుకు గరిష్ఠ వేగం గంటకు 60 కిలోమీటర్లు, కారుకు 70. ఇది చట్టం అనుమతించే పైహద్దు మాత్రమే. ఊరి మధ్య, బడి ముందు, సంత దగ్గర తగిన వేగం అందులో సగం కూడా కాదు.

ప్రమాదం జరిగితే

తీవ్రంగా గాయపడిన తర్వాతి మొదటి గంటను చట్టం ‘గోల్డెన్ అవర్’గా గుర్తించింది. ఆ గంటలో వైద్యం అందితే బతికే అవకాశం బాగా పెరుగుతుంది. తర్రెం వంటి ఊరికి జిల్లా ఆసుపత్రి బీజాపూర్‌లో, మెడికల్ కాలేజీ ఆసుపత్రి జగ్దల్‌పూర్‌లో ఉన్నాయి. దూరం వల్ల ఆ గంటలో అధిక భాగం దారిలోనే గడిచిపోతుంది. కాబట్టి అక్కడ ఉన్నవారు చేసే మొదటి సాయమే కీలకం.

• 108 లేదా 112కు ఫోను చేయాలి. సమీప గ్రామం పేరు, కిలోమీటరు రాయి మీది అంకె చెప్పాలి. సిగ్నలు లేకపోతే ఒకరు సిగ్నలు దొరికే చోటికి వెళ్లాలి, మరొకరు గాయపడినవారి దగ్గరే ఉండాలి.
• రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకోవాలి. తడిసినా తీయకుండా పైన మరో గుడ్డ పెట్టాలి.
• మెడ, వెన్ను దెబ్బతిని ఉండవచ్చు. మంటలు, వాహనాల రద్దీ వంటి ముప్పు లేకపోతే కదిలించకూడదు. కదిలించక తప్పకపోతే తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేలా కొందరు కలిసి ఎత్తాలి.
• స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు. అవి ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి.
• ప్రమాదం జరిగిన చోటుకు రెండు వైపులా మనుషులు నిలబడి వచ్చే బండ్లను హెచ్చరించాలి.

సాయం చేస్తే పోలీసు కేసులో ఇరుక్కుంటామన్న భయం ఇక అక్కర్లేదు. సుప్రీంకోర్టు 2016 మార్చిలో ఆమోదించిన మార్గదర్శకాలు, 2019లో చట్టంలో చేర్చిన 134ఎ సెక్షన్ సాయం చేసినవారికి రక్షణ ఇస్తున్నాయి. తన పేరు, చిరునామా చెప్పమని వారిని బలవంతపెట్టకూడదు. 2025 మేలో కేంద్రం నోటిఫై చేసిన పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ఏడు రోజులదాకా, లక్షన్నర రూపాయల వరకు నగదు లేకుండా చికిత్స లభిస్తుంది.

బండి తీసేముందు

టైర్లలో గాలి, రెండు బ్రేకులు, గొలుసు బిగువు, ముందు వెనుక లైట్లు, ఇండికేటర్లు, హారను చూసుకోవడానికి రెండు నిమిషాలు చాలు. సైడు స్టాండు ఎత్తారా, అద్దాలు సరిగా ఉన్నాయా, హెల్మెట్ పట్టీ బిగించారా అని ఒకసారి తడిమి చూసుకోవాలి. కారులో అయితే ముందు వెనుక అందరూ సీటు బెల్టు పెట్టుకున్నాకే ఇంజను స్టార్ట్ చేయాలి.

రోడ్డు లేని కాలంలో తర్రెం పరిసరాల జనం జబ్బుపడినవారిని మంచాల మీద మోసుకెళ్లారు. ఆ కష్టాన్ని తీర్చడానికి వచ్చిన రోడ్డు మళ్లీ ఇంటింటా మంచాలు పట్టించకుండా చూడటం దాని మీద బండి నడిపేవారి చేతిలో ఉంది. రోడ్డు వేయడానికి ఏళ్లు పడుతుంది. రోడ్డు మీద మెలగడం నేర్పడానికి ఊళ్లోని బడి, పంచాయతీ, ఇప్పటికే బాగా నడిపే పెద్దలు కలిసి కొన్ని ఆదివారాలు కేటాయిస్తే మొదలవుతుంది. ఖాళీ మైదానంలో సున్నంతో గీత గీసి, గంటకు 20 వేగంలో ఒకసారి, 40 వేగంలో ఒకసారి ఆ గీత దగ్గర బ్రేకు వేయించి, బండి ఎక్కడ ఆగిందో అడుగులతో కొలిపిస్తే చాలు. రెండోసారి అడుగులు నాలుగింతలు అవుతాయి. ఆ తేడాను కాళ్లతో కొలిచిన కుర్రవాడు దాన్ని అంత సులభంగా మరచిపోడు.